పూర్తి పాఠం

సెయింట్ జాన్స్‌లో ఆ వారమంతా పొగమంచే.
కిటికీలోంచి రేవు కనబడదు,
దాని బూర మాత్రం వినబడుతుంది.
లైబ్రరీ మూసేవేళకి గంటన్నర ముందు
వెర్నా కీపింగ్ వచ్చింది, ఉప్పు మరకల బూట్లతో.
దక్షిణ తీరం నుంచి. మొదట పడవ, తర్వాత ఎనిమిది గంటల బస్సు.
పదకొండుమంది పిల్లలు, ఆరు తరగతులు, ఒకటే గది,
ఒకతే టీచరు. ఆ ఒకతే ఇక్కడుంది కనుక
రెండ్రోజులు బడికి సెలవు.

నా బల్లమీద ఒక కాగితం మడత విప్పింది.
ఎవరో ఎప్పుడో చేసిన పరిశోధనకి సారాంశం,
నూట నలభై మాటలు,
పైకి చదవమంటే నోరు విప్పని పిల్లల గురించి.
చివరి వాక్యం: ‘ఫలితాలు మిశ్రమంగా ఉన్నాయి.’
"ఆ మిశ్రమంలో ఏం కలిసిందో చూడాలి," అంది.
"మావాడొకడున్నాడు, లీయాండర్. రెండేళ్లుగా
పుస్తకం తెరిస్తే పెదవులు కుట్టేసుకుంటాడు."

‘పూర్తి పాఠం’ అన్న నీలం మీట నొక్కితే
ఒక తలుపు, దాని వెనక ఇంకో తలుపు,
ఆ వెనక ఒక గల్లాపెట్టె:
ఒక్కరోజు చూసుకోడానికి నలభైరెండు డాలర్లు.
మా విశ్వవిద్యాలయం చందా మొదలైంది ఆ ఏడాది తర్వాత.
"నలభైరెండా! పదకొండు జతల చేతితొడుగులకు
ఊలొస్తుంది," అంది వెర్నా.

‘బహుళ తరగతుల బోధన’ అని అడిగాను.
నాలుగువేల ఫలితాలు, ఒక్కటీ ఇది కాదు.
ఏళ్లు కుదించాను, దేశం బిగించాను,
కామాలు తీసేసి మళ్లీ పెట్టాను.
"అప్పట్లో అలా అనేవాళ్లు కాదు," అంది వెనకనుంచి.
"మా అమ్మమ్మ చదివింది ‘ఒంటి టీచరు బడి’లో."
ఆ పాత పేరు కొట్టాను.
మూడే వచ్చాయి. మూడోది ఇదే.
పక్కన ఏ మీటా లేదు, బూడిదరంగులో ఒక వరస:
నేలమాళిగ, మైక్రోఫిల్ము రేకులు, పెట్టె ఎనభై ఎనిమిది.
పోయినవాళ్లు వాడిన పేరుతో పిలిస్తేగానీ
పలకవు కొన్ని.

కింద చలి. యంత్రం దీపం వేడెక్కడానికి కాస్త టైము.
అరచేతంత నీలి రేకు, దానిమీద తొంభై ఆరు పేజీలు,
నువ్వుగింజలంతేసి.
మొదట తలకిందులుగా పెట్టాను.
తర్వాత పట్టికలు, పట్టికలు, మళ్లీ పట్టికలు.
యాభైమూడో పేజీలో ఆమె చెయ్యి నా మోచేతిని పట్టుకుంది.
"ఆగండి."

అడుగున చీమతలంత అక్షరాల్లో గమనిక:
‘పొయ్యి అంటుకోని తొమ్మిది రోజులను లెక్కలోంచి తీసేశాం.
టీచరు కట్టెలకు వెళ్లింది. పిల్లలు ఒకే దుప్పటి కింద చేరి
ఒకరికొకరు చదివి వినిపించుకున్నారు.
ఆ తొమ్మిది రోజులూ అందరూ చదివారు.
ఇది బోధన కిందికి రాదు.’

వెర్నా నవ్వింది, మొదట ముక్కుతో, తర్వాత గొంతెత్తి.
కొండను తవ్వి ఎలుకను పట్టారని ఎగతాళి చేస్తారు గానీ
ఆమె అంతదూరం వచ్చింది ఆ ఎలుక కోసమే.
నూట నలభై మాటల్లో దానికి కన్నమెక్కడిది?

ప్రింటరు నాలుగో పేజీకి ఇరుక్కుంది, దానికలవాటే.
మిగతాది పెన్సిలుతో రాసుకుంది.
దీపాలార్పే కాపలాదారు రెండుసార్లు వచ్చి
గొంతు సవరించుకుని వెళ్లాడు.
ఫారంలో ‘ఏ ప్రయోజనం కోసం’ అన్నచోట
‘లీయాండర్’ అని రాసి సంతకం పెట్టింది.
ఏ విభాగమో తేలక
‘ఇతరములు’లో వేశాను.

మార్చిలో ఫోను చేసింది, లైనంతా గరగర.
శుక్రవారాలు హీటరు కట్టేస్తోందిట.
"కట్టెలకని చెప్పి బయటికొస్తాను. మాకు కట్టెలెక్కడివి?
టోపీ చెవులమీదికి లాగి తలుపవతల నిలబడతాను."
లీయాండర్ సంగతి అడిగాను.
"ఏది వాడి గొంతో తెలీదు," అంది,
"చదువుతుంటే ఎప్పుడూ వినలేదుగా.
పదీ గుర్తుపట్టాను.
ఇంకొకటి మిగిలింది."